శనివారం అప్‌గ్రేడ్

5 జులై 1999, సోమవారం

సామేలు మొదటి అధ్యాయం నిండా ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం మిగల్లేదు. కామాలు, ఫుల్‌స్టాపులు మాత్రం ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి.

"రాజశ్రీ, ఇది నాకే గిట్ల కనవడుతున్నదా?" అని అడిగాడు. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసే మనిషి, రైలు పట్టాలు జరిపే గ్యాంగు కూలీల పాటల మీద థీసిస్ రాసే మనిషి అంత నెమ్మదిగా ఎలా మాట్లాడతాడో నాకు అర్థం కాదు. నేనైతే మానిటర్ ఎత్తి కింద వేసేదాన్ని.

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్ సర్వర్‌లో నా ఎడిటర్, అంటే తెలుగు టైపు చేసుకునే ప్రోగ్రాము, లేదు. దాని జాగాలో సీడీతో వచ్చిన మామూలు ఎడిటర్ కూర్చుని ఉంది. అది తెలుగు ఎరగదు. తెలుగు ఫైలు తెరిచి సేవ్ కొడితే ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకం చేసి పెడుతుంది. తెర మీద గజిబిజిగా ఉంటే, సేవ్ కొడితే సర్దుకుంటుందనుకున్నాడట సామేలు. జాగ్రత్తపరుడు కాబట్టి ఫ్లాపీలో కూడా కొట్టాడు. రెండు చోట్లా ప్రశ్నలే.

నా ఎడిటర్ అంటున్నాను గానీ నాదని అనకూడదు. ఎవరో రాసి లోకానికి వదిలిన ప్రోగ్రాము అది. దాని సోర్స్ కోడ్ తెచ్చి, ఎండాకాలమంతా కూర్చుని దానికి తెలుగు నేర్పి, ఇక్కడే కంపైల్ చేశాను. ఎవరైనా వాడుకోవచ్చు. ప్రస్తుతం సామేలు వాడుతున్నాడు.

మొదటి అధ్యాయం కాపీ వాళ్ళ గైడ్ దగ్గర ఉంది కాబట్టి మళ్ళీ టైపు చేసుకుంటాడు. పాటలున్న మూడో అధ్యాయం ఇవాళ తెరవలేదు కాబట్టి బతికింది. ఆ పాటలు విని రాసుకున్న కాగితాలు మాత్రం లేవు. కంప్యూటర్లోకి ఎక్కాక కాగితాలెందుకని పారేయించింది నేనే. కాగితం మీద మమకారం భూస్వామ్య లక్షణం అని కూడా అన్నట్టు గుర్తు. అనలేదేమో.

ప్రింటు తీసి పెట్టుకుందామంటే ప్రింటర్‌కి రిబ్బన్ లేదు. ఇండెంట్ పెట్టారట.

ఆగస్టు ఆఖరుకు థీసిస్ ఇవ్వకపోతే సామేలు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించరు.

7 జులై

తప్పు దొరికింది. నేను ఎడిటర్‌ని చేత్తో తీసుకెళ్ళి పెట్టాను. సర్వర్‌లో ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాము ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది. దాని పుస్తకంలో పేరు లేనివాళ్ళను అది మనుషులుగా లెక్కచేయదు. పైనుంచి తనకు తెలిసినది తెచ్చి కప్పేస్తుంది. ప్రభుత్వాల గురించి చదివినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

అందుకని ఎడిటర్ పేరు ఆ పుస్తకంలో ఎక్కేలా పద్ధతిగా ప్యాకేజీ కట్టాను. ప్యాకేజీకి పేరు కావాలి, నంబరు కావాలి. సామేలు పక్కనే కూర్చున్నాడు.

"వేరే పేరు వెట్టరాదు? రెంటికి ఒకటే పేరుంటే మెషిన్ గడబడ పడది?"

"వేరే పేరు పెట్టుడంటే చీలిక తెచ్చుడే. మూలం ఒకటే, పేరు ఒకటే ఉండాలె."

"మరి నంబర్?"

నంబరు దగ్గర నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. కంపెనీలు ఏటేటా నంబరు పెంచుకుంటూ పోయి జనం దగ్గరున్నదాన్ని పాతది చేస్తాయి. పెద్ద నంబరు అంటేనే దొరతనం. సున్నా పెట్టాను.

"సున్నానా?" అన్నాడు సామేలు.

"సున్నా."

"సరే. నీకెర్కనే గద."

సర్వర్‌లో ఏం ఎక్కించాలన్నా కావాల్సిన రూట్ పాస్‌వర్డ్ ల్యాబ్ ఇన్‌చార్జి బుచ్చిబాబు సార్ దగ్గరే ఉంటుంది. ఆయనే వచ్చి, మేము అటు తిరిగాక టైపు చేసి, ప్యాకేజీ ఎక్కించి వెళ్ళాడు. ఏమిటి ఎందుకు అని అడగలేదు. అడగకపోవడం నాకు అనుమానంగా అనిపించింది.

10 జులై, శనివారం

బుచ్చిబాబు సార్ పూజ రోజు. నేను ల్యాబ్‌కి వెళ్ళలేదు.

12 జులై, సోమవారం

మూడో అధ్యాయం పోయింది, ఫ్లాపీలోది కూడా. పాటలన్నీ పోయాయి.

మళ్ళీ అదే. నా ఎడిటర్ లేదు, పాతది ఉంది. ఈసారి సామేలు తెర చూసి ఆగాడు. అవతలి వరసలో ఉన్న నన్ను పిలిచి, "మళ్ల గజిబిజి ఉన్నది, ఏం జేద్దు?" అని అడిగాడు కూడా. ఈసారి ప్యాకేజీ కట్టాం కాబట్టి ఎడిటర్ పోయే అవకాశమే లేదు, అది ఫాంటు సమస్య అయి ఉండాలి, సేవ్ కొట్టి మళ్ళీ తెరిస్తే సరిపోవాలి. సేవ్ కొట్టమని ఎవరన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఎడిటర్‌ని ఎవరు తీశారన్నదే ప్రశ్న.

సామేలు లేచి ఇద్దరికీ చాయ్ తెచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తార్నాక చౌరస్తాల డీటీపీ షాపుల ఇస్త తియ్. ఆళ్ళ ఫాంట్ల కొడ్తరు," అన్నాడు.

"ఆళ్ళ ఫాంట్ల కొట్టినంక ఆ ఫైలు ఆళ్ళ మెషిన్ల తప్ప ఎక్కడా తెరుచుకోదు. కూలోళ్ళ పాటలు ఇనుప పెట్టెల పెట్టి తాళం వాళ్ళకిస్తవా?"

"ముందుగాల పాటలుండాలె గద రాజశ్రీ," అన్నాడు.

చాయ్ చల్లగా ఉంది.

13 జులై

శుక్రవారం దాకా ఎడిటర్ ఉంది. సోమవారం లేదు. మధ్యలో ఉన్నది శనివారం. శనివారం సర్వర్ గదిలోకి వెళ్ళే మనిషి ఒక్కడే. ప్రతి శనివారం పొద్దున బుచ్చిబాబు సార్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, సర్వర్ మీద గుడ్డ తీసి దులిపి, గుమ్మం బయట అరటిపండుకి అగరుబత్తి గుచ్చి, లోపల సీడీ పెట్టి అప్‌గ్రేడ్ చేస్తాడు. కొత్త సీడీ రాకపోయినా పాతదే పెడతాడు; ఈ నెల మూడున మాత్రం కొత్తది వచ్చింది. శనివారం తప్పితే సర్వర్ పడిపోతుందని నమ్మకం.

ఇది భక్తి అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ముసుగు.

కరపత్రం రాశాను. శీర్షిక: మాతృభాష మీద శనివారం దాడి. ఏడుగంటలకల్లా సైక్లోస్టైల్ అయింది.

అంటించడానికి మైదా అత్తమ్మ ఉడికించింది. తార్నాకలో మా మేనత్త ప్రమీలమ్మ ఇంట్లోనే నేనుండేది. అత్తమ్మకు ఏ ఉద్యమమూ తెలియదు గానీ, చేసే పని గట్టిగా చేస్తుంది.

"ఏందే రాజీ, గోడకంటించనీకి గింత పల్చగ కలుపుతరా? మైలుతుత్తం వెయ్. పురుగు పట్టది, వాన వడ్డా ఊడది. మీ మామ ఎలక్షన్లల్ల గట్లనే చేసెటోడు."

"మామ ఏ పార్టీ అత్తమ్మా?"

"మైదా ఎవరు వోస్తె ఆ పార్టీ."

14 జులై

బాగా అంటుకుంది.

16 జులై

సామేలును తెలుగు డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిచారు. కరపత్రంలో బాధితుడిగా వాడి పేరు రాశాను. అడగలేదు. బాధితుణ్ణి అడిగి రాయడం ఎక్కడా చూడలేదు.

ఇన్‌చార్జి మీద రాతలు రాసినందుకు ఇద్దరికీ ల్యాబ్ బంద్. నాకు బంద్ అయితే సరే, నేను పోరాడుతున్నాను. వాడికెందుకు?

లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో కరపత్రం.

"ఆయనది తెనాలి అని రాసినవ్. అదెందుకు?"

"వాస్తవం కదా."

"ఆయనది భీమవరం."

సామేలు కరపత్రం తిరగేశాడు.

"ప్రజాశత్రువు అని గూడ రాసినవ్. మొన్న నా ఫ్లాపీల బూజు వడితె, దూది పెట్టి తుడిచిచ్చింది ఆయననే."

"వ్యక్తిగతంగా మంచోళ్ళు వర్గంగా చెడ్డోళ్ళు కావచ్చు."

"కావచ్చు," అన్నాడు సామేలు. "నాకు ఆగస్టు ఆఖరే ఉన్నది."

17 జులై, శనివారం

చేస్తుండగా పట్టుకోవాలని వెళ్ళాను. ల్యాబ్ బంద్ నాకు గానీ వరండాకు కాదు. సర్వర్ గదికి అద్దం కిటికీ ఉంది. అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను.

అగరుబత్తి, అరటిపండు. గుడ్డ తీశాడు, దులిపాడు. సీడీ పెట్టి కమాండ్ కొట్టాడు. తెర మీద వరసలు పరుగెత్తాయి. ఆయన తెర చూడటం లేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు.

నేను చూశాను. మార్చబోయే ప్రోగ్రాముల వరసలో నా ఎడిటర్ పేరు. పోయిన సోమవారం సాయంత్రం ఆయనతోనే మళ్ళీ ఎక్కించుకున్నదే; అప్పుడూ ఎందుకని అడగలేదు. పక్కన: ఇప్పుడున్నది సున్నా, సీడీలో ఉన్నది ఒకటి పాయింట్ మూడు. కొనసాగించనా? అని మెషిన్ అడిగింది.

ఆయన కళ్ళు తెరవకుండానే ఎంటర్ కొట్టాడు.

మెషిన్ ప్రకారం అది మేలు చేసింది. సున్నా కంటే ఒకటి పెద్దది కాబట్టి నాది పాతది అనుకుంది, దయతలచి కొత్తది ఇచ్చింది. పేరు ఒకటే కాబట్టి మార్చేసింది. నేను వేరే పేరు పెట్టి ఉన్నా, నంబరు పెద్దది వేసి ఉన్నా దాని జోలికి వచ్చేది కాదు.

బుచ్చిబాబు సార్ కళ్ళు తెరిచి అద్దంలో నన్ను చూశాడు. లేచి వచ్చి తలుపు తీసి, అరటిపండు నాకిచ్చాడు.

"ప్రసాదం తీసుకోమ్మా," అన్నాడు.

తిన్నాను. ఆకలిగా ఉండింది.

18 జులై

సున్నా గురించి బాగా ఆలోచించాను. సాంకేతికంగా కొంత ఇబ్బంది ఉండవచ్చు. సిద్ధాంతపరంగా సరైనదే.

19 జులై

సామేలుకు చెప్పాను. సున్నా సంగతి చెప్పాను. మెషిన్ అమాయకత్వం గురించి ఎక్కువ చెప్పాను.

"అంటే బుచ్చిబాబు సార్ ఏం జెయ్యలే?"

"కళ్ళు మూసుకున్నడు. అది కూడా చెయ్యడమే."

"మరి నంబర్ పెంచు."

"పెంచను."

"పేరు మార్చు."

"మార్చను."

సామేలు నవ్వాడు. ఈ గొడవంతటిలో మొదటిసారి నవ్వాడు. "మౌలాలి పోదాం నడువ్," అన్నాడు. "చిన్నమ్మ ఆ పాటలు మళ్ల పాడుతదేమో అడుగుదాం. ఈసారి నువ్వు గూడ రా. నువ్వే రాయ్. కాగితం మీద."

"డీటీపీ షాపుకిస్తనంటివి గద?"

"ఇద్దమనుకున్న. నువ్వు చేసినవ్ గద, దీన్లనే కొడ్త."

భాష కోసమే అన్నాడు. ఆ మాట అనలేదు గానీ అర్థం అదే.

25 జులై, ఆదివారం

మౌలాలి రైల్వే క్వార్టర్లు. సాలమ్మ సామేలుకు చిన్నమ్మ వరస. ఆమె భర్త లచ్చయ్య గ్యాంగులో పాట ఎత్తేవాడు. లచ్చయ్య గొంతు పోయింది. ఆయన పక్కన కంకర మోసిన సాలమ్మకు పాటలన్నీ వచ్చు.

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలో ఉంది. మమ్మల్ని చూసి మొహం ముడిచింది.

"అప్పుడు గొంతు ఎండంగ పాడితి గద కొడుకా. అవేంజేసినవ్?"

"కంప్యూటర్ల పోయినయ్ చిన్నమ్మా."

"ఎటువోయినయ్?"

"గాడ్నే ఉన్నయ్. అన్ని ప్రశ్నలైనయ్."

సాలమ్మ నా వైపు చూసింది. "ఈ పిల్లెవరు?"

"కంప్యూటర్ చేసింది."

"మంచిగనే చేసింది," అంది సాలమ్మ. లచ్చయ్య మంచం మీద గొంతు లేకుండా నవ్వాడు. భుజాలు మాత్రం ఊగాయి.

పాడనంది. వంట చేసుకోవాలంది. వంట అయ్యేదాకా కూర్చున్నాం. అన్నం పెట్టింది. తిన్నాక కూడా కదలకపోతే కూచున్నచోటనే ఎత్తుకుంది.

పట్టాను పట్టురా, హైసా
పలుగేసి లేపురా, హైసా
దొరవారి గడియారం, హైసా
దొర చూసుకోనీరా, హైసా

నేను రాస్తున్నాను. సామేలు మధ్యలో ఆపాడు. "చిన్నమ్మా, అప్పుడు గడియారం కాదు, గొడుగు అన్నవ్."

"అప్పుడు వాన వడుతుండె," అంది సాలమ్మ. "ఇంకోపారి ఆపితే లేచిపోత."

లచ్చయ్య చేత్తో మంచం పట్టె మీద దెబ్బ వేస్తున్నాడు. హైసా దగ్గర పడాల్సిన దెబ్బ ఆమె ఊపిరి తీసుకునే చోట పడితే, ఆమె అతని వంక ఉరిమి చూసింది. దెబ్బ సర్దుకుంది.

నా చెయ్యి నొప్పి పుట్టింది. అన్నీ రాశాను. లేచేటప్పుడు సాలమ్మ నా చేతిలో కాగితాలు చూసి, "పిల్లా, ఇవి గూడ ప్రశ్నలైనయనుకో, మళ్ల నా గడప తొక్కొద్దు. నేను పాడ. గొంతువోయిన గీయన ముందట గీ పాటలు ఇంకోపారి మోగనియ్య," అంది. గీయన అంటే లచ్చయ్య. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఈసారి నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

బస్సులో కాగితాలు సామేలు తీసుకోబోతే ఇవ్వలేదు.

26 జులై

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన కరపత్రాలన్నీ చదివాను గానీ ఈ ప్యాకేజీ మేనేజర్ మాన్యువల్ ఎప్పుడూ చదవలేదు. ఇవాళ లైబ్రరీలో చదివాను. అందులో ఒక చిన్న సదుపాయం ఉంది. హోల్డ్. ఒక ప్రోగ్రాముకి హోల్డ్ పెడితే, దాని నంబరు సున్నా అయినా, పైన ఎంత కొత్తది వచ్చినా మేనేజర్ దాన్ని ముట్టదు.

పేరు మార్చనక్కర్లేదు. నంబరు పెంచనక్కర్లేదు. ఒక్క మాట.

ఆ మాట టైపు చేయాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి.

27 జులై

వెళ్ళాను. మనసులో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను: పొరపాటు జరిగి ఉండవచ్చు, అది ఉభయపక్షాలదీ. బుచ్చిబాబు సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, పెద్దవాళ్ళెవరో వచ్చినట్టు.

"రండి రండి రాజశ్రీ గారూ. ప్రజాశత్రువుతో పనేం పడిందండీ?"

వాక్యాలన్నీ మరిచిపోయాను. "మీది భీమవరమని తెలీదు సార్," అన్నాను.

"భీమవరం కూడా కాదమ్మా, పక్కన పల్లెటూరు. అది సరే, ఏం కావాలి?"

హోల్డ్ గురించి చెప్పాను. సున్నా గురించి చెప్పాను. సామేలు పాటలు ఎలా పోయాయో చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"నేను ఎంటర్ కొట్టడం వల్లనా?"

"మెషిన్ అడిగింది సార్. మీరు కళ్ళు మూసుకున్నారు."

"అయ్యయ్యో," అన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. "ఆ కుర్రాడు నాతో ఒక్కమాట అనలేదే!"

హోల్డ్ పెడతానన్నాడు. ఇద్దరికీ ల్యాబ్ తెరిపిస్తానన్నాడు. ఒక్కటే షరతు: కరపత్రాలు అన్నీ నేనే పీకాలి. "మా అమ్మాయి ఇంటర్ కాలేజీకి ఆ గోడ పక్కనుంచే వెళ్తుందమ్మా," అన్నాడు. తిట్టినట్టు అనలేదు. అందుకే నాకు చెవులు కాలాయి.

29 జులై

ఊడటం లేదు. బకెట్ నీళ్ళు, అట్లకాడ. అత్తమ్మ మైదా మీద గౌరవం పెరిగింది.

అత్తమ్మనే అడిగాను, ఎలా ఊడుతుందని.

"ఊడనియ్యనని చెప్పే గద చేసిన," అంది.

30 జులై

సామేలు కూడా వచ్చి గీకాడు. వద్దన్నాను. "నా పేరు గూడ ఉన్నది గద అండ్ల," అన్నాడు. తన పేరు ఉన్నచోట ముందు గీకాడు.

సాయంత్రానికి గోడ మీద 'దాడి' ఒక్కటే మిగిలింది. దాని కింద సున్నం కూడా వచ్చేసేలా ఉంటే వదిలేశాం.

31 జులై, శనివారం

బుచ్చిబాబు సార్ నన్ను లోపలికి పిలిచాడు. చెప్పులు బయట విప్పించాడు. ముందు నా ఎడిటర్ మళ్ళీ ఎక్కించి, హోల్డ్ కమాండ్ నేను చెబుతుంటే టైపు చేశాడు. తర్వాత సీడీ పెట్టాడు.

వరసలు పరుగెత్తాయి. ఈసారి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలు ఎంటర్ మీద పెట్టి, ఒక్కో పేరూ పైకి చదివాడు, పెళ్ళిలో ప్రవర చదివినట్టు. ఆఖర్న వేరే వరస: ఒక ప్యాకేజీని ఆపి ఉంచాను, అని మెషిన్ రాసింది.

"మీదేగా?"

"అవును సార్."

"ఉంచనా?"

"ఉంచండి."

కొట్టాడు. నేను అప్పటికప్పుడు ఎడిటర్ తెరిచి సాలమ్మ పాట మొదటి నాలుగు పంక్తులు టైపు చేశాను. సేవ్ కొట్టాను. మూసి మళ్ళీ తెరిచాను. గడియారం గడియారంలాగే ఉంది.

బుచ్చిబాబు సార్ చదివి, "దొర చూసుకోనీరా," అని రెండుసార్లు అనుకున్నాడు. "బావుందమ్మా. ఇదా నేను పోగొట్టింది?"

"అప్పుడు గొడుగు సార్," అన్నాను.

9 ఆగస్టు

సామేలు టైపు చేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని కాగితం చదువుతున్నాను. తప్పులు రాకుండా ఉండటానికి ఇదే శాస్త్రీయ పద్ధతి.

14 ఆగస్టు, శనివారం

ఉంచండి అన్నాను.

17 ఆగస్టు

రిబ్బన్ వచ్చింది.

21 ఆగస్టు, శనివారం

ఉంచండి అన్నాను. సామేలు ఆరో అధ్యాయంలో ఉన్నాడు. పాటల అధ్యాయంలో గొడుగు, గడియారం రెండూ రాసి, వాన రోజు, ఎండ రోజు అని పక్కన పెట్టాడు. గైడ్ ఏది సరైన పాఠం అని అడిగాడట. రెండూ అన్నాడట. ఎలా అన్నావంటే, "నెమ్మదిగ అన్న," అన్నాడు.

27 ఆగస్టు

ప్రింటర్ రోజంతా గోల చేసింది. అక్షరాలు కొంచెం పంటికింద రాళ్ళలా ఉన్నాయి గానీ అన్నీ అక్షరాలే. ఒక్క ప్రశ్నార్థకం దొరికింది, ముందుమాటలో. చూస్తే అది నిజంగా ప్రశ్నే.

30 ఆగస్టు

సబ్మిట్ చేశాడు. గుమాస్తా ముద్ర కొట్టాడు. నేను బయట నిలబడ్డాను.

ఒక కాపీ మౌలాలి తీసుకెళ్ళి, పాటలున్న పేజీలు సామేలే చదివి వినిపించాడట. లచ్చయ్య మంచం పట్టె మీద దెబ్బ వేశాడట. సాలమ్మ మధ్యలో రెండు చోట్ల తప్పు పట్టి, "మళ్ల వచ్చి సరిగ రాస్కపో," అందట.

2 సెప్టెంబర్

సామేలుకు జనగామలో పార్ట్‌టైమ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. రేపే చేరాలి. మంచిదే అన్నాను. గ్రామీణ విద్యార్థులకు ఉపయోగం అన్నాను.

"వైవా అయినంక కరెక్షన్లుంటయ్. అప్పుడు వస్త," అన్నాడు.

"ఎప్పుడు వైవా?"

"ఎవరికెర్క? ఆర్నెల్లు కావచ్చు, ఏడాది కావచ్చు."

4 సెప్టెంబర్, శనివారం

అరటిపండు తిన్నాను. బుచ్చిబాబు సార్ పేర్లన్నీ చదివాడు. ఆఖరి వరస దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"ఆ కుర్రాడి పనైపోయిందిగా. నేను చూస్తూనే ఉన్నాను, వారం నుంచి ఎవరూ వాడట్లేదు. ఇదిగో, ఈ పాతది ఊరికే అడ్డం పడి ఉంది. హోల్డ్ తీసేయనా అమ్మా?"

"ఉంచండి సార్."

"ఎవరి కోసం?"

"భాష కోసం."

ఆయన కళ్ళు మూసుకోబోయి, గుర్తొచ్చి, తెరిచి, ఎంటర్ కొట్టాడు.

11 సెప్టెంబర్, శనివారం

ఉంచమన్నాను.